ఊరుమ్మడి నెగడు – సీమలో రేగిన కోపము

ఇంగ్లండుదేశమున ప్రతి సంవత్సరము నవంబరు 5వ తేదీ రాత్రి ఊరూర నెగళ్ళు వేయుట ఆచారము. అప్పటికి అచట చలి ముదిరియుండును. సాయంకాలము అయిదు గంటలకే చీకటి పడును. జనులు పిల్లలతోగూడ ఊరి బయలునకో ఉద్యానవనమునకో చేరి, పాత కట్టెలు, విరిగిన బల్లలు, నరికిన కొమ్మలు గుట్టగా పేర్చి నిప్పంటించి, చుట్టును నిలిచి చలి కాచుకొందురు, బాణసంచా కాల్తురు, బంగాళాదుంపలు కాల్చుకొని తిందురు. లీడ్సు పట్టణము గల యార్కుషైరు ప్రాంతమున ఓట్సుపిండిని పాకముతో కలిపి చేసిన పార్కిను అను రొట్టె ఆనాటి పిండివంట. మన భోగిమంటను, తెలంగాణమందలి కామదహనమును ఎరిగిన రైతులకు ఈ దృశ్యమును ఇంతకంటె వర్ణింపనక్కర లేదు.

ఇటీవలి సంవత్సరములలో ఆ దేశమందలి కొన్ని పెద్ద పట్టణములలో పురపాలక సంఘములు ఈ ఉమ్మడి నెగడును మానివేసినవి. వ్యయము పెరిగినదను కారణముచే మాన్చెస్టరు సంఘము 2022లోను, లీడ్సు సంఘము 2023లోను తమ ఉద్యానవనములందు జరుపుచుండిన నెగళ్ళను, బాణసంచా ప్రదర్శనములను విరమించుకొన్నవి. ఊరివారికి కోపము వచ్చినది. ఆ కోపమున న్యాయమెంత, సంఘముల మాటలో న్యాయమెంత, సహకార సంఘ సభ్యులమైన మనము అందుండి గ్రహింపదగిన దేమి అను విషయములను ఈ వ్యాసమున విచారింప దలచితిమి.

సీమలోని నెగడుతో మనకేమి పని యని కొందరడుగవచ్చును. ఊరుమ్మడి పనిని ఎవరు నడుపవలెను, నడుపువారు చేయి విడిచినచో ఆ పని ఏమగును అను ప్రశ్న చెరువుగట్టునకును, బండిబాటకును, గోదామునకును, గ్రామపు పండుగకును ఒక్కటియే. వేరొక దేశపు దృష్టాంతమున మన పక్షము, ఎదుటి పక్షము అను పట్టుదల యుండదు గనుక విషయము తేటగా కనబడును. అందుచేతనే దీనిని ఎన్నుకొంటిమి.

పండుగ పుట్టుక

ఈ నెగడునకు మూలము 1605వ సంవత్సరమందలి ఒక కుట్ర. అప్పుడు ఇంగ్లండునకు రాజు మొదటి జేమ్సు. ప్రభుత్వము ప్రొటెస్టెంటు మతము నవలంబించినది. రోమను కతోలికులు పెక్కు కష్టములకు లోనైయుండిరి. రాబర్టు కేట్సుబీ అను నాతడు నాయకుడుగా కొందరు కతోలికులు కూడి, రాజు పార్లమెంటునకు వచ్చు దినమున ఆ భవనమును పేల్చివేయ నెంచి, దాని క్రిందిభాగమున 36 పీపాల తుపాకిమందు చేర్చిరి. మందును కావలి కాయుచుండిన గై ఫాక్సు అనువాడు నవంబరు 4వ తేదీ రాత్రి గడచి 5వ తేదీ రాకమునుపే అన్నట్లు నడిరేయి వేళ పట్టుబడెను. 1606 జనవరి 31వ తేదీన అతనికి మరణశిక్ష జరిగినది. ఆ సంవత్సరమే పార్లమెంటు చట్టముచేసి, ఏటేట నవంబరు 5వ తేదీన దేవాలయములలో కృతజ్ఞతారాధనము జరుపవలెనని విధించినది. ఆ చట్టము 1859లో రద్దయ్యెను గాని నెగడు మాత్రము నిలిచియున్నది.

పండుగ పుట్టుకలో పరమత ద్వేషమున్న మాట దాచదగినది కాదు. బొమ్మలుచేసి తగులబెట్టుట, ఎదుటివారి వీధులలో కేకలు వేయుట పూర్వము విశేషముగా జరిగెడివి. 19వ శతాబ్దమున గిల్డుఫర్డు, లూయిస్ వంటి ఊళ్ళలో ఈ రాత్రి అల్లరులు చెలరేగెడివి. 1847లో లూయిస్‌నకు లండను నుండి పోలీసులను రప్పింపవలసి వచ్చినది. కాలక్రమమున ద్వేషము చాలచోట్ల అడుగంటి, ఇరుగుపొరుగు కూడి చలి కాచుకొను పండుగ మిగిలినది. పిల్లలలో పెక్కుమందికి కుట్రకథ సగమే తెలియును. పార్కిను రుచి మాత్రము పూర్తిగా తెలియును.

ఈ నెగడు పూర్వమును ఆగకపోలేదు. 1914లో మొదలైన మహాయుద్ధకాలమునను, 1939 నుండి 1945 వరకు జరిగిన యుద్ధకాలమునను రాత్రివేళ మంటలు వేయగూడదని ప్రభుత్వము నిషేధించినది. మింటనుండి బాంబులు పడు దినములలో వెలుతురు చూపుట ప్రాణాంతకమని ఎల్లరకును తెలియును గనుక జనులు తలవంచిరి. యుద్ధము ముగిసినంతనే నెగళ్ళు మరల వెలిగినవి. కారణము కన్నుల కగపడినప్పుడు జనులు నిషేధమును సహింతురనుటకు ఇది సాక్ష్యము.

గత శతాబ్దపు ఉత్తరార్ధమున పెరళ్ళలో బాణసంచా కాల్చి పిల్లలు ఒడలు కాల్చుకొనుట హెచ్చగుటచే, అందరును ఒకచోట కూడి నిపుణులు కాల్చు ప్రదర్శనమును దూరమునుండి చూచుట మేలని పెద్దలు బోధించిరి. పెక్కు పట్టణములలో పురపాలక సంఘములే ఆ భారము వహించినవి. లీడ్సులోని రౌండుహే ఉద్యానము వంటి చోట్ల పన్నుల సొమ్ముతో నెగడు వెలిగెడిది. ఎవ్వరును టిక్కెట్టు కొనవలసిన పని లేకుండెను.

సంఘముల వాదము

సంఘములు చెప్పునది తేలికగా త్రోసివేయదగినది కాదు. వేలకొలది జనము చేరుచోట కంచె వేయవలెను, కావలివారిని పెట్టవలెను, ప్రథమచికిత్స చేయువారిని, దీపములను, మరుగుదొడ్లను సమకూర్పవలెను, బీమా కట్టవలెను, మరునాడు ఊడ్పింపవలెను. వీటన్నిటి ధరలును పెరిగినవి. పన్నులును, ప్రభుత్వ సహాయమును ఆ మేరకు పెరుగలేదు. దిక్కులేని వృద్ధులకును, పిల్లలకును సంరక్షణ కల్పించుట సంఘమునకు చట్టము విధించిన పని. నెగడు వేయుట చట్టము విధించినది కాదు. సొమ్ము చాలనప్పుడు ముందుగా కత్తి పడునది విధికాని పని మీదనే.

1988 నాటి స్థానిక ప్రభుత్వ ద్రవ్య చట్టమున 114వ సెక్షను కలదు. సంఘపు ఆదాయము వ్యయమునకు చాలదని తేలినచో దాని ముఖ్య ద్రవ్యాధికారి ఆ సెక్షను క్రింద నోటీసు ఈయవలెను. అటుపై తప్పనిసరి పనులకు తప్ప క్రొత్తగా ఖర్చుపెట్ట వీలులేదు. లండనులోని క్రాయిడను సంఘము 2020లోను, బర్మింగుహాము, నాటింగుహాము సంఘములు 2023లోను అట్టి నోటీసుల పాలైనవి. పొరుగువారికి పట్టిన ఈ గతిని చూచుచు నెగడునకు సొమ్ము కేటాయించు ధైర్యము ఏ సంఘమునకు కలుగును? విత్తనములకు రొక్కము లేని రైతు ఆ యేటికి జాతర బండి కట్టకుండుటను మనము తప్పుపట్టము.

బాధ్యతా భయము మరియొకటి. 2011 నవంబరు 4వ తేదీ రాత్రి ఇంగ్లండునందలి టాంటను చెంత ఎం5 అను పెద్దబాటపై పొగమంచులో 34 వాహనములు ఒకదానికొకటి ఢీకొని ఏడుగురు మరణించిరి. సమీపమున ఒక ఆటస్థలములో బాణసంచా ప్రదర్శనము జరిగియుండెను. ఆ పొగ మంచుతో కలియుటయే కారణమని ప్రదర్శనము జరిపిన వ్యక్తిపై అభియోగము తెచ్చిరి. 2013లో న్యాయస్థానము అతడు నిర్దోషి యని విడిచినది. నిర్దోషి యైనను రెండేండ్లు న్యాయస్థానము చుట్టు తిరుగవలసి వచ్చునని తెలిసిన తరువాత ఏ పెద్దమనిషి ముందునకు వచ్చి సంతకము చేయును?

ఊరివారి వాదము

ఊరివారి కోపమునకును ఆధారములు కలవు. మొదటిది, ఉచితముగా జరుగు ఉమ్మడి నెగడు పోయినచోట మిగులునవి టిక్కెట్టు ప్రదర్శనములు. నలుగురు పిల్లలు గల కూలివానికి అది ఒకపూట ఖర్చు కాదు, వారపు ఖర్చు. కలవాడు వేడుక చూచును. లేనివాడు కంచెవెలుపల నిలిచి ఆకాశమును చూచును. పన్ను మాత్రము ఇద్దరును కట్టుచున్నారు.

రెండవది, ఉమ్మడి నెగడు మానినంతమాత్రమున ఊరిలో నిప్పు మానదు. అది పెరళ్ళలోనికిని, సందులలోనికిని పోవును. ఇంగ్లండులో 2004 నాటి బాణసంచా నిబంధనల ప్రకారము సాధారణ దినములలో రాత్రి 11 గంటల పిమ్మట బాణసంచా కాల్చరాదు. నవంబరు 5వ తేదీన మాత్రము నడిరేయి వరకును, మన దీపావళి నాటి రాత్రి ఒంటిగంట వరకును అనుమతి కలదు. కనుక ఇంటింటను కాల్చుకొనుటకు అడ్డులేదు. పెరటి ప్రమాదములను తగ్గించుటకై కల్పించిన ఉమ్మడి ప్రదర్శనమునే తొలగించుట, దొంగలకై పెట్టిన తలారిని జీతము మిగులునని తీసివేయుటవంటిదని వారి వాదము.

మూడవది అన్నిటికంటె లోతైనది. నెగడు మాదియని జనులు తలచిరి. అది సంఘము ఇచ్చిన ఈవియని సంఘము తలచినది. తమది యనుకొన్న దానిని అడుగకయే తీసివేసినచో మనిషికి కలుగు నొప్పి ఆ వస్తువు విలువనుబట్టి యుండదు. పొలముగట్టుపై నున్న ముసలి చింతచెట్టు కలప ఎంత విలువ చేయును? అడుగక నరికినవానితో మాత్రము రెండు తరములు మాటలుండవు.

మరి రెండు దృష్టాంతములు

లెస్టరు పట్టణము మనదేశస్థులు హెచ్చుగా నివసించు ఊరు. 1972లో ఉగాండా దేశమునుండి వెడలగొట్టబడిన భారతీయులలో పెక్కుమంది అచట స్థిరపడిరి. అచటి బెల్‌గ్రేవ్ రోడ్డులో జరుగు దీపావళి ఉత్సవమునకు పదుల వేల జనము వచ్చుచుండిరి. 2025లో జనసమ్మర్దము ప్రాణాపాయమగునను భయముచే అచటి సంఘము రంగస్థలమును, బాణసంచాను మాని దీపాలంకరణమును నిలిపినది. అసంతృప్తి కలుగకపోలేదు. అయినను ఇచట గమనింపదగిన దొకటి కలదు: ఉత్సవమును మొదలంట తీసివేయక, జనమును ఒకేచోట ఒకే గడియలో గుమిగూడనిచ్చు భాగమును మాత్రము తీసిరి. ఏది అపాయమో దానిని వేరుచేసి చూపినప్పుడు కోపము కొంత చల్లారుటకు త్రోవ దొరకును.

రెండవది ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు. 1690లో జరిగిన బాయిన్ యుద్ధ విజయమునకు జ్ఞాపకార్థముగా జూలై 11వ తేదీ రాత్రిని ప్రొటెస్టెంటులు అచట మేడలంత ఎత్తున నెగళ్ళు వేయుదురు. 2025 జూలైలో ఒక నెగడు పేర్చినచోట ఆస్బెస్టాసు అను హానికర పదార్థమున్నట్లును, చేరువనే ఆసుపత్రులకు విద్యుత్తు నిచ్చు ఉపకేంద్ర మున్నట్లును తేలినది. దానిని తీసివేయవలెనని నగరసంఘపు కమిటీ తీర్మానించినది. తొలగించిన యెడల అల్లరి పెరుగునని తలచి పోలీసులు ఆ పనికి తోడ్పడమనిరి. నెగడు వెలిగినది. తీర్మానము కాగితముననే యుండెను. కారణము ఎంత బలమైనదైనను, చివరి వారమున ఆజ్ఞగా వచ్చినచో, దానిని నడపు చేతులు దొరకవు.

ఇట్టి మొండితనమునకు మనదేశమున ఎంత మూల్యము చెల్లించితిమో మరువరాదు. కేరళలోని కొల్లము జిల్లా పుట్టింగల్ దేవాలయమున 2016 ఏప్రిలు 10వ తేదీ తెల్లవారుజామున బాణసంచా పేలి నూరుమందికి పైగా మరణించిరి. పందెపు బాణసంచాకు జిల్లా అధికారులు అనుమతి నిరాకరించియుండిరి. వద్దన్న మాట నిజమగుటయు, విన్నవారు లేకపోవుటయు, రెండును ఒక్క రాత్రియే రుజువైనవి. కనుక ఊరివారి కోపము న్యాయమైనప్పుడుగూడ అది నిప్పుకు లైసెన్సు కాజాలదు.

లూయిస్ ఊరి పద్ధతి

ఇంగ్లండు దక్షిణమున సస్సెక్సులో లూయిస్ అను చిన్న ఊరు కలదు. మేరీ రాణి కాలమున 1555 మొదలు 1557 వరకు 17గురు ప్రొటెస్టెంటులను ఆ ఊరిలో సజీవముగ దహించిరి. ఆ జ్ఞాపకమును, 1605 కుట్రను జోడించి అచట నవంబరు 5వ తేదీని దేశమున మరెక్కడను లేనంత ఘనముగా జరుపుదురు. మండుచున్న 17 శిలువలను ఊరేగింతురు. మతస్మృతితో ముడిపడిన ఈ వేడుకలో కొన్ని అంశములను మేము మెచ్చుకొనజాలము. మేము చూపదలచినది నిర్వహణ పద్ధతిని మాత్రమే.

ఆ నెగడును నడపునది పురపాలక సంఘము కాదు. ఊరివారు కూడి ఏర్పరచుకొన్న నెగడు సంఘములు కలవు. వాటిలో కొన్ని 1853 నాటివి. 5వ తేదీ రాత్రి ఊరేగునవి ఆరు సంఘములు. పిల్లలకై ఏర్పడిన ఏడవది ముందుగా వేరొక దినమున ఊరేగును. ప్రతి సంఘమునకును తన పేట, తన వేషము, తన బాట, తన నెగడుస్థలము కలవు. సభ్యులు చందా లిత్తురు. ఏడాది పొడుగున చిన్నచిన్న ఉత్సవములుచేసి సొమ్ము కూడబెట్టుదురు. దివిటీలను నెలల తరబడి తామే కట్టుదురు. జనమును అదుపుచేయు కావలివారుగా తామే నిలుతురు. ఒకప్పుడు లండను పోలీసులు వచ్చినగాని అణగని అల్లరిని, క్రమము గల ఊరేగింపుగా మార్చినవి ఈ సంఘములే.

వారికిని అధికారుల తోడు అక్కరలేకపోలేదు. వీధులు మూయుటకును, రోగుల బండ్లకు బాట విడుచుటకును, పోలీసు బందోబస్తునకును పెద్ద ఏర్పాటు కావలెను. పొరుగూరి జనము విపరీతముగా రాకుండుటకై ఇటీవలి కాలమున ఆ రాత్రి లూయిస్ స్టేషనులో రైళ్ళు ఆగకుండునట్లు కట్టుదిట్టము చేయుచున్నారు. 2020లో అంటువ్యాధి కారణమున ఆ సంఘములు తామే ఊరేగింపు మానుకొనినవి. తమ నెగడును తామే ఆర్పుకొన్నవారికి ఎవరిపై కోపము రావలెను? నడపు హక్కు గలవానికే మాను హక్కును చెల్లునని దీనివలన తేలుచున్నది.

రాచ్‌డేలు జ్ఞాపకము

నెగడు మానిన మాన్చెస్టరునకు కొలదిమైళ్ళ దూరముననే రాచ్‌డేలు ఉన్నది. మన సహకారోద్యమమునకు అది పుట్టినిల్లు. 1844 డిసెంబరు 21వ తేదీన అచటి పనివారు, 28 మంది సభ్యులతో ఏర్పడిన తమ సంఘమున, టోడ్‌లేను అను సందులో ఒక అంగడి తెరచిరి. వారి సరకు వెన్న, చక్కెర, పిండి, ఓట్సుపిండి, క్రొవ్వొత్తులు. కల్తీలేని సరకు సరియైన తూకముతో దొరకనప్పుడు వర్తకులను తిట్టుచు కూర్చుండక, వారు చిల్లర చిల్లరగా వాటాధనము కూర్చిరి. ఒక్కొక్క సభ్యునికి ఒక్కొక్క ఓటు; లెక్కలు అందరికిని తెరచిన పుస్తకము. మనదేశమున 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమునకు వెనుకనున్న భావము ఇటువంటిదే.

ఈ రెండు ఊళ్ళను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి తోచును. ఏబది ఏండ్లు పురపాలక సంఘమే కట్టె తెచ్చి, సంఘమే నిప్పుపెట్టి, సంఘమే ఊడ్చినచోట, ఊరివారికి నెగడు చూచు అలవాటు మిగిలినది గాని నెగడు వేయు అలవాటు పోయినది. సంఘము చేయి విడిచిన నాడు వారి చేతిలో కోపము తప్ప పనిముట్టు లేదు. లూయిస్‌వారి చేతులలో దివిటీ కట్టు నేర్పు తరతరములుగా నిలిచియున్నది. మన పల్లెలలో చెరువు పూడిక తీయుట సర్కారు పనియైన నాటినుండి గట్టున గండి పడినను తట్ట పట్టువారు కరవగుచున్నారు. ఇది అదియే.

ముందుగా చెప్పుట

నిషేధమునకు ఎదురుపడి నిలిచిన సీమరైతుల సంగతిని గూడ చెప్పవలెను. ఇంగ్లండు, వేల్సు దేశములందు గోధుమ మోళ్ళను, గడ్డిని చేలలో తగులబెట్టుట పూర్వము సామాన్యము. పొగ బాటలపై క్రమ్మి ప్రమాదములు కలుగుట, చెట్లు కంచెలు కాలుట మొదలగు కారణములచే 1993 నుండి దానిని చట్టముచే సాధారణముగా నిషేధించిరి. ఆ నిర్ణయమును మరునాటినుండి అమలుపరుపలేదు. ఏండ్ల ముందే ప్రకటించిరి. ఈలోపల రైతులు గడ్డిని ముక్కలుచేయు పరికరములను కోతయంత్రములకు బిగించుకొని, దానిని దుక్కిలో కలుపుట అలవరచుకొనిరి. వ్యవధియు, మారుదారియు చూపినచో కఠినమైన నిషేధముగూడ నిలుచును. ఈ రెండును లేనిచో న్యాయమైన నిషేధముగూడ పగను పుట్టించును.

మన సంఘములకు సూచనలు

మేము పొలములలో తిరుగువారమే గాని ధర్మకర్తలము కాము. అయినను రైతుసోదరుల మేలుకోరి, పై విషయములనుండి తేలిన కొన్ని సూచనలను మహాజనసభల ఎదుట పెట్టుచున్నాము.

1. ఊరుమ్మడి వేడుకనుగాని, సదుపాయమునుగాని మానవలసి వచ్చినచో నెలల ముందుగా మహాజనసభ కూర్చి చెప్పవలెను. పండుగకు వారముముందు గోడకు అంటించిన కాగితము సమాచార మనిపించుకొనదు.

2. ఎంత ఖర్చగుచున్నది, దేనికెంత యగుచున్నది అను జమాఖర్చును సభలో చదివి వినిపింపవలెను. అంకెలు విన్న సభ్యుడు తానే ఒక అంకెను తగ్గించు ఉపాయము చెప్పును.

3. మొదలంట మానుటకు ముందు ఏ భాగము భారమో, ఏ భాగము అపాయమో వేరుచేయవలెను. బాణసంచా మాని నెగడు ఉంచవచ్చును; పందిరి మాని భజన ఉంచవచ్చును.

4. సంఘపు వాటాధనమును, డిపాజిట్లను వేడుకలకు తాకరాదు. ఆ సొమ్ము అప్పు కావలసిన రైతుది, దాచుకొన్న వితంతువుది. లాభములోనుండి నిబంధనలు ఒప్పుకొన్నంతవరకే వాడవలెను. మిగిలినదానికి వేరుగా చందాపట్టీ వేయవలెను. రొక్కములేని సభ్యుడు బండెడు కట్టెలో, ఒకపూట కాయకష్టమో ఇచ్చినను చందాగానే వ్రాయవలెను.

5. నీళ్ళు పట్టువారు, కావలి కాయువారు, చివర ఆర్పువారు ఎవరెవరో పేర్లతో ముందే వ్రాసి చదువవలెను. అందరి పని యన్నచోట ఎవరి పనియు కాకపోవును.

నిప్పు విషయమున జాగ్రత్తలు

భోగినాటికి మన ఊళ్ళలో కుప్పనూర్పు ముగిసియు ముగియక యుండును. గడ్డివాములు క్రొత్తవి, తాటాకు కప్పులు ఎండియుండును. కనుక నెగడు వాములకును, పూరియిండ్లకును, పశువుల కొట్టములకును, విద్యుత్తు తీగలకును బాగుగ ఎడముగా, గాలి వాలు చూచి వేయవలెను. పీపాలతో నీళ్ళు, తట్టలతో ఇసుక ముందే సిద్ధముచేయవలెను. కిరసనాయిలు, పెట్రోలు పోసి అంటింపరాదు. పిల్లలు నూలుబట్టలు తొడుగవలెను. నైలానువంటి బట్టలు కాలి ఒంటికి అంటుకొనును.

ఇంగ్లండులో హెడ్జిహాగు అను ముండ్లజంతువు చలికి కట్టెకుప్పలలో దూరి నిద్రించును. అందుచే ముందురోజులలో పేర్చిన కుప్పను అంటించుటకు ముందు విప్పి మరల పేర్చుడని అచటివారు ప్రతి సంవత్సరము హెచ్చరింతురు. మన కుప్పలలో కుక్కపిల్లలు, పొదిగిన కోళ్ళు, పాములు ఉండవచ్చును. కుప్పను ఆ రాత్రియే పేర్చుట, లేనిచో కదల్చి చూచుట మంచిది.

పాత టైర్లు, ప్లాస్టికు, రంగువేసిన చెక్క, పురుగుమందు డబ్బాలు నెగడులో వేయకూడదు. వాటి పొగ ఊపిరితిత్తులకు విషము. ఆ బూడిద పొలమునకును పనికిరాదు. భోగినాడు పాతవి పారవేయవలెనను పెద్దల మాటకు పిల్లల గొంతులో పొగ పోయుట అర్థము కాదు. పశువులు మేయని గడ్డి మిగిలిన దనిగూడ నెగడులో వేయరాదు. టన్ను వరిగడ్డిలో సుమారు 5½ కిలోల నత్రజనియు, 25 కిలోల వరకు పొటాషును ఉండును. తగులబెట్టినచో నత్రజని దాదాపు అంతయు పొగతో పోవును. కంపోస్టు గుంటలో వేసినచో మన చేతికి మిగులును. నెగడునకు ఎండుకొమ్మలు, మొద్దులు, పిడకలు చాలును. శుభ్రమైన కట్టెబూడిదను కూరపాదులకు, కొబ్బరిమొక్కలకు కొద్దికొద్దిగా చల్లవచ్చును. యూరియాతో, పచ్చిపేడతో మాత్రము కలుపరాదు, కలిపినచో వాటిలోని నత్రజని ఆవిరియై పోవును.

చివర నెగడును నీళ్ళతో తడిపి, కట్టెతో కెలికి, వెచ్చదనము లేదని నిశ్చయించుకొన్న తరువాతనే ఇండ్లకు పోవలెను.

ముగింపు

లీడ్సు, మాన్చెస్టరు సంఘములకు సొమ్ము చాలలేదనుట నిజము. అచటి కూలిజనులకు పండుగ పోయినదనుటయు నిజము. ఈ రెండు నిజములను ఒకే బల్లచుట్టు కూర్చుండబెట్టు సభ ముందుగా జరిగియున్నచో, సంఘము స్థలమును ఇచ్చి, పేటలవారు కట్టెను, కావలిని ఇచ్చి, చిన్నదైనను ఒక నెగడు మిగిలియుండునేమో. అట్టి సభను జరుపు అలవాటు సహకార సంఘము గల ప్రతి గ్రామమునకును కలదు. ఏటేట చేతులెత్తి తీర్మానములు చేయుచునే యున్నాము. రాబోవు మహాజనసభ కార్యక్రమమున పంటఋణములు, ఎరువుల ఇండెంటుతో పాటు భోగి ఏర్పాటును గూడ ఒక అంశముగా చేర్చుడని కార్యదర్శులను కోరుచున్నాము. చందాపట్టీ, కావలివారి జాబితా ఆనాడే వ్రాయబడినచో, భోగి తెల్లవారుజామున ఊరివారు నెగడు చుట్టు చేరి చేయవలసిన పని చలి కాచుకొనుట మాత్రమే.